ఆయాసమంటే అలసట కాదు: వైద్య విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక రాష్ట్ర వైద్య విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. రోగి మాటను, అలవాట్లను అడిగి అర్థం చేసుకోవడం నర్సింగ్ విద్యార్థులకు నేర్పాలని కోరుతూ రాస్తున్నాను. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. దీన్ని తెలుగులో కూడా రాయడానికి కారణం, ఇందులో మంచం మీద ఉన్నవాళ్ళు తెలుగువాళ్ళు. వాళ్ళ పిల్లలైనా చదువుతారని ఆశ. మాది హిందూపురం. ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరులో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఆస్పత్రి పేరు అనవసరం. మడకశిర వైపు నుంచి వచ్చి ఇక్కడ భవనాల పనిలో ఉన్న ఒక పెద్దాయన మెడికల్ వార్డులో చేరాడు. రాత్రి రెండు గంటలప్పుడు మా విద్యార్థినిని పిలిచి "ఆయాసంగా ఉందమ్మా" అన్నాడు. ఆ అమ్మాయిది తుమకూరు. కన్నడలో ఆయాస అంటే అలసట. పాపం, పడుకోనిద్దామని మంచం పిడి తిప్పి, ఎత్తుగా ఉన్న తలవైపును కిందికి దించి, దుప్పటి కప్పింది. నోట్సులో ముత్యాల్లాంటి అక్షరాలతో "అలసటగా ఉందన్నారు" అని రాసింది. తెలుగులో ఆయాసమంటే ఊపిరి అందకపోవడం. ఊపిరి అందని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి వెళ్ళిపోయిందన్నమాట.

నాలుగు గంటలకు డ్యూటీ నర్సు చూసి, లేపి కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టించింది. ఆయన బతికాడు. తెల్లవారి నేను వెళితే కోపం కూడా లేదు ఆయనకు. "ఆ బిడ్డకు చెప్పాను కదమ్మా" అన్నాడు, అంతే.

శ్వాస లెక్కపెట్టి ఉంటే తెలిసేది కదా అని మీ అధికారులు అంటారు. నిజమే, ఆ తప్పు తప్పే. కానీ అర్థమైందనుకున్న మాటను ఎవరూ మళ్ళీ అడగరు. అసలు తెలియని మాట అయితే ఆ అమ్మాయి ఎవరినో ఒకరిని లేపేది. తెలిసిన మాటే ముంచింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తెలుగు రోగి "వికారంగా ఉంది" అంటే వాంతి వచ్చేలా ఉందని. కన్నడ చెవికి అది అందవికారం, మలయాళ చెవికి మనసులోని ఉద్వేగం. మా తరగతిలో సగం మంది కేరళ పిల్లలే. నర్సులందరికీ కన్నడ రావాలి, అందులో నాకు వాదన లేదు. అయితే తుమకూరు అమ్మాయికి కన్నడ బాగానే వచ్చు కదా!

రోగి భాషను, సంస్కృతిని అర్థం చేసుకోవడం పాఠ్యప్రణాళికలో లేదా అంటే, ఉంది. భారత నర్సింగ్ మండలి 2021లో తెచ్చిన బీఎస్సీ నర్సింగ్ నిబంధనల ప్రకారం మొదటి సెమిస్టర్‌లోనే అప్లైడ్ సోషియాలజీ 60 గంటలు. అందులో సంస్కృతి మీద ఒక యూనిట్. రోగి సంస్కృతిని బట్టి సేవ ఉండాలన్న అమెరికన్ నర్సు మడలీన్ లైనింగర్ సిద్ధాంతాన్ని పిల్లలు బట్టీపడతారు, దాన్ని బొమ్మగా చూపే ఆమె సూర్యోదయ నమూనాను రంగు పెన్సిళ్ళతో చక్కగా గీస్తారు. ఆ లైనింగర్ 1960లలో పాపువా న్యూగినీ వెళ్ళి గాడ్సప్ ప్రజల మధ్య కాపురం పెట్టింది. మన పిల్లలు పక్క మంచం దగ్గరికి వెళ్ళి కూర్చోరు. కూర్చున్నా దానికి మార్కులు లేవు.

దీనికి విరుగుడుగా కొందరు పట్టికలు పంచుతున్నారు. తెలుగువాళ్ళు కారం తింటారు, ముస్లింలు రంజాన్‌లో ఉపవాసం ఉంటారు, ఇలా. పట్టిక కంఠస్థమైతే ఇక అడిగే పని ఉండదు. నేనే అలా బోల్తాపడ్డాను. అనంతపురం నుంచి కాన్పుకు వచ్చిన అమ్మాయిని చూసి, మన సీమ పిల్ల, పథ్యం పాటిస్తుందిలే అనుకుని ఆమె భోజనంలో పెరుగు వేయవద్దని చెప్పేశాను. కాసేపటికి నా కొంగు పట్టుకుని, "మేడం, నాకు పెరుగన్నమే కావాలి. మా అత్తయ్యకు మాత్రం చెప్పకండి" అంది.

దీన్ని బాగా నేర్పగలవాళ్ళు ఎవరో కూడా చెప్పాలి. ఎంఆర్ఐ గది బయట ఒకావిడ మంగళసూత్రాన్ని పిడికిట్లో బిగించి ఏడుస్తోంది. లోహం లోపలికి వెళ్ళకూడదని మా విద్యార్థి మూడుసార్లు చెప్పాడు, మూడోసారి గట్టిగా చెప్పాడు. పావగడ నుంచి వచ్చి ఆ ఆస్పత్రిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఆయమ్మ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. క్యాంటీన్‌లో పసుపు కొమ్ము అడిగి తెచ్చి, నూలు దారానికి కట్టి, "ముందు ఇది కట్టుకో తల్లీ, తర్వాత అది తీసి మీ అమ్మకివ్వు" అంది. ఐదు నిమిషాల పని. నిబంధనా తప్పలేదు, ఆవిడ మెడా బోసిపోలేదు.

న్యూజీలాండ్ నర్సింగ్ మండలి 1992లోనే, రోగి సంస్కృతిని గౌరవిస్తూ సేవ చేసే ఈ శిక్షణను నర్సింగ్ చదువులో తప్పనిసరి చేసింది. అక్కడి మూలవాసులైన మావోరీల నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ దాని వెనుక ఉంది. ఆమె పట్టుబట్టినది ఒకటే: సేవ సవ్యంగా జరిగిందా లేదా అన్నది తేల్చాల్సింది నర్సు కాదు, అందుకున్నవాళ్ళు.

సిలబస్ మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి మీరు ప్రో ఛాన్సలర్. ప్రాక్టికల్ పరీక్షలో సూది, కట్టు, బీపీలతో పాటు విద్యార్థి రోగిని ఏమడిగాడో, చెప్పింది అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకున్నాడో చూసి మార్కులు వేయించండి. ఆ రోగిని కూడా ఒక మాట అడిగించండి. మార్కులుంటే మా పిల్లలు ఏదైనా నేర్చుకుంటారు, ఈ విషయంలో నాకు అనుభవం బాగా ఉంది.

రెండోది చిన్నది. ఆ పావగడ ఆయమ్మ వచ్చే మార్చిలో రిటైర్ అవుతోంది. ఈలోగా ఆమె చేత నాలుగు తరగతులు చెప్పించి, గౌరవ వేతనం ఇప్పిద్దామని కాగితం పెట్టాను. "విద్యార్హత అన్న చోట ఏం రాయమంటారు?" అని అడుగుతూ అది తిరిగి వచ్చింది. ఏం రాయాలో మీ కార్యాలయం చెబితే, మర్నాడే మళ్ళీ పెడతాను.

భవదీయురాలు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు,
బెంగళూరు