పోర్ట్స్‌మౌత్ నుంచి నాన్నకి

నాన్నా,

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో నేను చేస్తున్న నమూనా బోటు సంగతి సగంలోనే ఆగిపోయింది, మిగతాది రాస్తున్నాను.

చేస్తున్నది ఐఎన్ఎస్ వీర్. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని, 1971 డిసెంబర్ 4 రాత్రి మన క్షిపణి బోట్లు నిపాత్, నిర్ఘాత్, వీర్ కరాచీ మీదికి వెళ్లిన కథ చెప్పేవారు కదా, ఆ వీర్. అసలు బోటు 38.6 మీటర్లు. నేను 40వ వంతుకి చేస్తున్నాను, అంటే 96 సెంటీమీటర్లు దాటుతుంది, వెడల్పు 19.

ముందు చెక్కతో హల్, అంటే బోటు ఒంటి ఆకారం చేసి, పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో మూడు వారాలు రుద్దాను. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయని మీరనేవారు, నిజంగానే కంటికి కనపడని గుంట ఒకటి అలాగే దొరికింది. దాని మీద ఆరు సార్లు మైనం పట్టించి ఫైబర్‌తో అచ్చు తీశాను. ఈ మైనం దగ్గర బద్ధకిస్తే చెక్కా అచ్చూ అతుక్కుపోయి రెండూ పోతాయి.

ఇక ఆ అచ్చు లోపల హల్ వేయాలి. మైనం, బయటికి కనిపించే నున్నటి పొరగా జెల్‌కోట్, తర్వాత గాజు పీచుతో చేసిన ఫైబర్ మ్యాట్ పరుస్తూ పాలిస్టర్ రెసిన్‌తో తడపడం, బ్రష్‌తో పొడుస్తూ గాలి బుడగలు తీయడం. ఫిబ్రవరిలో తొందరపడి షెడ్‌లో వేశాను, ఇక్కడి చలి తెలిసిందే కదా, తెల్లారి చూస్తే వేలికి జిగురు అంటుకుంటోంది. రెసిన్ గట్టిపడాలంటే కనీసం 15 డిగ్రీలైనా ఉండాలి, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువ కలిపితే సరిపోతుందనుకోకూడదు. ఇంట్లోకి తెద్దామంటే ఆ వాసనకి పిల్లలు ఉండలేరు. అంతా గీకి పారేశాను, నాన్నా, ఆ రోజు చాలా బాధేసింది.

మళ్లీ మే నెలలో వేశాను. రెండు పొరలు, మూలల్లో, వెనక పలక దగ్గర మూడు. ఈసారి రాయిలా గట్టిపడింది.

ఇంకా అచ్చులోంచి తీయలేదు. పల్చటి హల్ కదా, తీయగానే పక్కలు లోపలికి ముడుచుకుంటాయేమోనని భయం. అందుకే డెక్ కింద వచ్చే అడ్డపట్టీలు అచ్చులో ఉండగానే అతికిద్దామనుకుంటున్నాను. డాక్‌యార్డ్‌లో ఇన్నేళ్లు చేశారు, మీరేమంటారు? ఆదివారం ఫోన్ చేస్తాను, అప్పటిదాకా దాన్ని కదపను.

మీ
చిన్నోడు