డిఫెన్స్‌లో ఆడే అమ్మాయిల తల్లిదండ్రులకు

నమస్కారం.

ఫుట్‌బాల్‌లో అమ్మాయిని డిఫెన్స్‌లో, అంటే మన గోల్‌ను కాపాడే వరుసలో, ఆడిస్తున్నామంటే “ఆట సరిగా రాక వెనక్కి పంపారా?” అని కొందరు అడుగుతున్నారు. అది నిజం కాదు. ఈ నెల లేఖ అందుకే.

ఇంఫాల్‌కు చెందిన ఆశాలతా దేవి 1993లో పుట్టారు. ఆడేది సెంటర్‌బ్యాక్‌గా, గోల్‌కీపర్‌కు సరిగ్గా ముందు. భారత జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించారు, 2018–19కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు. 2024 అక్టోబరులో ఖాట్మండులో పాకిస్తాన్‌పై దేశం తరఫున నూరో మ్యాచ్ ఆడారు. అంతకుముందు ఏ భారత మహిళా ఆ అంకె చేరలేదు. అప్పటికి ఆమె వయసు 31. వేగం కన్నా అంచనా ఎక్కువ పనిచేసే స్థానం కనుక డిఫెండర్ ఆట ముదరడానికి ఏళ్ళు పడుతుంది. పదో తరగతి వస్తోందని తొమ్మిదిలోనే ఆట మాన్పిస్తే ఆ ఏళ్ళు మొదలే కావు. మాన్పించకండి, వారానికి రెండు రోజులకు తగ్గిద్దాం.

ఇక పని సంగతి. ప్రత్యర్థి బంతితో వస్తుంటే వేగంగా దగ్గరికెళ్ళాలి, చివర్లో అడుగులు చిన్నవి చేసి ఒకటిన్నర మీటరు దూరంలో ఆగాలి. మోకాళ్ళు వంచి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, ఒక కాలు ముందు పెట్టి నిలబడాలి. రెండు పాదాలూ ఎదురుగా పెడితే బంతి కాళ్ళ మధ్య నుంచే పోతుంది. చూపు బంతి మీదే ఉండాలి, ఎదుటి పిల్ల భుజాల ఊపు మోసం చేస్తుంది. ఆమె బంతిని తన కాలికి అందనంత దూరం తోసిన క్షణంలోనే కాలు పెట్టాలి. కొత్త పిల్లలు ముందే కాలు విసురుతారు. ఆ ఒక్క తొందరతో ఆమె దాటిపోతుంది, ఇక మిగిలేది కీపరే. బంతినే చూస్తూ వెనక నుంచి వచ్చే మనిషిని మరిచిపోవడం ఇంకో తప్పు, అందుకే భుజం మీదుగా చూడటం అలవాటు చేయిస్తున్నాం. నోరు కూడా తెరవాలి. “నాది”, “వదిలెయ్”, “పైకి రండి” అని అరిస్తేనే డిఫెండర్లు నలుగురూ కలిసి జరుగుతారు. ఒక్కరు వెనక మిగిలినా ప్రత్యర్థికి ఆఫ్‌సైడ్ (మన డిఫెండర్లను దాటి ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) పడదు. మెల్లగా మాట్లాడమని పెంచిన పిల్లలకు అన్నిటికన్నా ఇదే కష్టం. ఇంట్లో మీరూ కాస్త ప్రోత్సహించండి.

నాకు ఎక్కువ దిగులు మోకాలి గురించి. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది: ఎగిరి దిగేటప్పుడు, గబుక్కున దిశ మార్చేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. శస్త్రచికిత్స చేయించుకుంటే తిరిగి ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. కాబట్టి ఆటకు ముందు ఒళ్ళు సిద్ధం చేసే ఫిఫా 11 ప్లస్ వ్యాయామాలు తప్పనిసరి చేశాం: 8 నిమిషాలు నెమ్మది పరుగు, 10 నిమిషాలు బలం, గెంతులు, ఒంటికాలి నిలకడ, 2 నిమిషాలు వేగం పరుగు. ఆలస్యంగా వచ్చిన పిల్ల ఇవి ఎగ్గొట్టి నేరుగా ఆటలోకి దిగుతుంది, అది వద్దు. పది నిమిషాలు ముందే పంపండి.

బూట్లు కొనేటప్పుడు అడుగు తిప్పి చూడండి. మన మైదానం గట్టి ఎర్రమట్టి. పొడుగు స్టడ్లు (బూటు అడుగున ఉండే బుడిపెలు) నేలలో పట్టుకుని పాదం ఆగిపోతే మోకాలు మెలిపడుతుంది. పొట్టి రబ్బరు స్టడ్లు ఎక్కువగా ఉన్నవి తీసుకోండి. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని పెద్ద సైజు వద్దు. షిన్ గార్డులు (మోకాలి కింద కాలి ముందు భాగాన్ని కాపాడే తొడుగులు) లేకుండా ఆడనివ్వం, నియమం కూడా అదే.

నెలసరి మొదలైన పిల్లలకు ఇనుము తగ్గితే త్వరగా ఆయాసం వస్తుంది, దాన్ని బద్ధకం అనుకోవద్దు, రక్తపరీక్ష చేయించండి. భోజనం వెంటనే టీ ఇవ్వకండి, ఇనుము ఒంటపట్టదు. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే మేలు.

జీవనోపాధి ఉందా అని అడిగేవారికి: ఇండియన్ విమెన్స్ లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గని ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. పెద్ద మొత్తం కాదు. చాలామంది రైల్వే, పోలీసు వంటి క్రీడా కోటా ఉద్యోగాల వైపు చూస్తారు, వాటికి చదువూ కావాలి.

సోమవారం పిల్లలతో అంగీకార పత్రం పంపండి. మోకాలికి, చీలమండకు పాత దెబ్బ ఏదైనా ఉంటే దాని వెనక రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు