ఆ ట్యాగ్ మీద మేం రాసింది తప్పు: వెల్వెట్ ఉతకడం గురించి

ముందు తప్పు ఒప్పుకుంటా, మిగతా సంగతులు తర్వాత.

మా దగ్గర వెల్వెట్ కుషన్ కవర్లు, చేతి సంచులు, పొడవు గౌన్లు కొన్నవాళ్లలో 11 మంది దగ్గర్నుంచి ఈమధ్య దాదాపు ఒకే మెసేజ్ వచ్చింది. "ట్యాగ్ మీద రాసినట్టే ఉతికామండీ, మెరుపంతా పోయింది, అక్కడక్కడా తెల్లగా మచ్చలు కనిపిస్తున్నాయి." ఫోటోలు చూస్తే కవర్లు నిజంగానే వానలో తడిసిన కోడిపిల్లల్లా ఉన్నాయి. మొదటి మెసేజ్ చూసినప్పుడు నాకేమనిపించిందో దాచను, ఈవిడ కచ్చితంగా మెషీన్‌లో పడేసి ఉంటుంది, మనకి చెప్పట్లేదు అనుకున్నా. మూడో మెసేజ్‌కి టెన్షన్ మొదలైంది. ఐదోది వచ్చాక బిల్లుల ఫైలు ముందేసుకుని కూర్చున్నా.

జరిగింది ఇదీ. మేం మామూలుగా వాడేది పాలిస్టర్ వెల్వెట్. ముదురాకుపచ్చ, వైన్ రంగుల్లో ఆ సరుకు అయిపోతే అవే రంగుల్లో విస్కోస్ వెల్వెట్ తానులు తీసుకున్నాం. చేతికి ఇంకా మెత్తగా, రంగు ఇంకా నిండుగా ఉందని మురిసిపోయాం కూడా. ట్యాగులు మాత్రం అంతకుముందు ఒకేసారి ప్రింట్ చేయించిపెట్టుకున్న కట్టలోంచి తీసి కుట్టేశాం. వాటి మీద ఉన్నది ఒకటే మాట, "చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి". పాలిస్టర్‌కి ఆ మాట సరిపోతుంది, విస్కోస్‌కి కొంప ముంచుతుంది. మీరు చెప్పినట్టే చేశారు, సరిగ్గా చెప్పనిది మేమే.

విస్కోస్ పోగు చెట్ల గుజ్జు నుంచి తయారవుతుంది. పొడిగా ఉన్నంతసేపు పట్టులా జారుతుంది గానీ తడిస్తే నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది, బలం బాగా తగ్గిపోతుంది. ఆ పోగుతో నిలబెట్టిన నూగు తడిలో చతికిలపడి, అలాగే ఆరి, అలాగే ఉండిపోతుంది. ఒక్క నీటి చుక్క పడ్డా గుండ్రంగా అచ్చు మిగలొచ్చు.

ఇక్కడ నూగు గురించి కాస్త చెప్పాలి, ఇది అర్థమైతే వెల్వెట్‌తో సగం గొడవలు వాటంతటవే తీరిపోతాయి. వెల్వెట్‌ని చాలావరకు రెండు బట్టలు ఎదురెదురుగా ఒకేసారి నేస్తూ, వాటిని కలిపే పోగుల్ని మధ్యలో కత్తితో కోసి విడదీస్తారు. అలా తెగిన పోగుల కొనలే మన వేళ్లకి తగిలే నూగు. నిలబడి ఉన్న కొనల్ని మనం పైనుంచి చూస్తాం కాబట్టి రంగు చిక్కగా కనిపిస్తుంది. అదే నూగు పక్కకి పడుకుంటే కనిపించేది పోగు పక్క భాగం, దాని మీద వెలుతురు పడి తిరిగి కంటికి కొడుతుంది, అందుకే అక్కడ తెల్లబారినట్టు ఉంటుంది. మీలో చాలామంది "మచ్చ", "రంగు వెలిసింది" అని రాసినవాటిలో ఎక్కువ భాగం మచ్చా కాదు, వెలవడమూ కాదు, నూగు పడుకుంది అంతే. పడుకున్నదాన్ని లేపొచ్చు. అన్నిసార్లూ కాదు, కానీ పారేసే ముందు ఒక ప్రయత్నం చేయాలి.

మెసేజ్‌లకి జవాబులు ఇచ్చే ముందు నేనే ఒక ఆదివారం బకెట్ దగ్గర కూర్చుని పాలిస్టర్, కాటన్, విస్కోస్ కవర్లు ఒక్కోటి ఉతికి చూశా. పాలిస్టర్‌ది ఏమీ కాలేదు, ఒక మూల తప్ప. ఆ మూలని కావాలనే గట్టిగా మెలిపెట్టి పిండా, ఆరాక మెలికలన్నీ గీతల్లా తేలాయి. కాటన్‌ది నీళ్లు పీల్చి ఇటుకంత బరువెక్కింది, ఆరడానికి దాదాపు రెండు రోజులు పట్టింది, తీగ మీద పెట్టిన క్లిప్పుల గుర్తులు రెండూ పళ్లతో సహా పడ్డాయి. విస్కోస్‌ది నీళ్లలో ఉండగానే జావలా అయిపోయింది, బయటికి తీసేటప్పుడు నా బొటనవేలు నొక్కిన చోట ఆరాక కూడా వేలిముద్ర స్పష్టంగా ఉంది. దాన్ని టేబుల్ మీదే ఉంచా, తీయబుద్ధి కాలేదు.

మరి మీ దగ్గరున్నది ఏ రకమో ఎలా తెలుస్తుందీ అంటే, ట్యాగ్‌ని నమ్మమని చెప్పే మొహం నాకు లేదు కాబట్టి ఒక పాత పద్ధతి చెప్తా. లోపలి కుట్టు మార్జిన్‌లో నూగుతో ఉన్న చిన్న అంచు ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీద అగ్గిపుల్లతో కాల్చండి. కరిగి గట్టి నల్ల పూసలా అయితే పాలిస్టర్, కానీ దాంతోపాటు వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అది అసిటేట్ అనే ఇంకో రకం పోగు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే కాటన్ లేదా విస్కోస్, ఈ రెంటినీ మంట విడదీయలేదు, చేత్తో చూడాలి, జారుతూ ఎక్కువ మెరిసేది విస్కోస్. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. ఒకటి గుర్తుంచుకోండి, చాలా వెల్వెట్లలో వెనక నేత ఒక రకం, నూగు ఇంకో రకం ఉంటాయి, ముక్కలో నూగు ఉండేలా చూసుకోండి. ఏమీ తేలకపోతే విస్కోస్ అనే అనుకుని నీళ్లకి దూరంగా పెట్టండి.

పట్టు, విస్కోస్, అసిటేట్ వెల్వెట్ డ్రై క్లీనింగ్‌కే. పాలిస్టర్ అయితే ఇంట్లో హాయిగా ఉతుక్కోవచ్చు, కాటన్ కూడా కాస్త ఓపిగ్గా. ముందు లోపలివైపు ఒక చోట తడి తెల్లగుడ్డ అదిమి రంగు దిగుతుందేమో చూడండి, మెరూన్, నలుపు, నీలం అయితే ఈ పని తప్పనిసరి. తర్వాత కవర్‌ని తిరగేసి, జిప్పు వేసి, చల్లటి నీళ్లలో కొంచెం లిక్విడ్ సోప్ కలిపి ముంచి తీస్తూ ఉండండి. పౌడర్ వద్దు, గింజలు నూగులో ఇరుక్కుంటే జాడించడం నరకం. నానబెట్టొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు, బ్లీచ్ జోలికి పోవద్దు. మెషీన్ తప్పదంటే వలసంచిలో పెట్టి, డెలికేట్ మోడ్‌లో, స్పిన్ తక్కువ పెట్టి వేయండి, తువాళ్లతో కలిపి మాత్రం వద్దు, వాటి పీచంతా వెల్వెట్ పట్టేసుకుంటుంది.

నా లెక్కలో అసలు గండం ఉతకడంలో లేదు, పిండడంలో ఉంది. తడిగా ఉన్నప్పుడు పడ్డ ఒత్తిడే అచ్చుగా మిగులుతుంది. అందుకని పిండకుండా పొడి తువాలు మీద పరిచి, తువాలుతోపాటు వదులుగా చుట్టి, అరచేత్తో మెల్లగా అద్దండి. నీడలో, చదునుగా ఆరబెట్టండి. ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే మెత్తటి బట్టల బ్రష్‌తో నూగు వాలే దిశలోనే దువ్వండి. దిశ తెలియకపోతే వేలితో రాసి చూడండి, నున్నగా జారే వైపే దాని దారి. పూర్తిగా ఆరిపోయాక దువ్వితే పెద్దగా లాభం ఉండదు.

ఇస్త్రీ గురించి ఒక్క మాట, నూగు మీద పెట్టొద్దు. పాలిస్టర్‌కి వేడీ ఒత్తిడీ కలిస్తే నూగు పడుకున్న చోటే బిగుసుకుపోతుంది, దాన్ని లేపడం మా వల్ల కూడా కాదు. వెనకవైపు నుంచి, తాకకుండా ఆవిరి పట్టిస్తే చాలు. స్టీమర్ లేకపోతే వేడినీళ్లు పట్టుకునే వేళకి బాత్రూమ్‌లో హ్యాంగర్‌కి తగిలించి తలుపు మూసేయండి. ఇస్త్రీ చేయక తప్పదనుకుంటే కింద ఇంకో వెల్వెట్ ముక్క పరిచి, నూగు నూగుకి ఎదురుగా పెట్టి, వెనక నుంచి ఆవిరితో తేలిగ్గా అంటీ అంటనట్టు పోనివ్వండి.

ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దండి. దాచేటప్పుడు మడత పెట్టకుండా చుట్టండి లేదా వెడల్పు హ్యాంగర్‌కి వేయండి. ఇక విప్పడానికి వీల్లేని సోఫా బట్ట ఉతికే విషయమే కాదు, మెత్తటి బ్రష్ తగిలించి వాక్యూమ్ చేయడమే, ఏదైనా తడి పెట్టే ముందు అడుగున ట్యాగ్ మీద అక్షరం చూసుకోండి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో చేసుకోవచ్చు, ఎస్ అంటే సాల్వెంట్, అంటే నీళ్లు లేని డ్రై క్లీనింగ్ ద్రావకం మాత్రమే, రెండూ ఉంటే ఏదైనా, ఎక్స్ ఉంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు.

ఇదంతా ఎందుకు, అన్నిటికీ "డ్రై క్లీన్ ఓన్లీ" అని కుట్టేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. అమ్మేవాడికి అది హాయి, ఏం జరిగినా మాట రాదు. కానీ ఇంట్లో శుభ్రంగా ఉతుక్కోగలిగే పాలిస్టర్ కవర్‌కి మీచేత జీవితాంతం డ్రై క్లీనింగ్ ఖర్చు పెట్టించడం నాకు నచ్చలేదు. ఇకనుంచి ప్రతి ట్యాగ్ మీద నూగు ఏ పోగుదో, వెనక నేత ఏ పోగుదో విడిగా ఉంటుంది, తాను మారితే ట్యాగ్ మారాలి, ఆ పని నేనే చూసుకుంటున్నా.

ముదురాకుపచ్చ, వైన్ రంగులవి కొన్నవాళ్లు దయచేసి ఇంకా ఉతక్కపోతే ఉతకొద్దు. ఉతికేసి పాడైనవాళ్లకి వేరేది పంపిస్తాం లేదా డబ్బు వెనక్కి ఇస్తాం, మీ ఇష్టం, బిల్లు లేకపోయినా పర్లేదు. ముందు ఒకసారి వెనక నుంచి ఆవిరి పట్టి, దువ్వి చూడండి, కొందరివి బాగానే లేచాయి. లేవకపోతే కిటికీ పక్కన పెట్టి రెండు ఫోటోలు పంపండి, నూగుని ఒకవైపుకి నిమిరి ఒకటి, రెండోవైపుకి నిమిరి ఇంకొకటి. రెండింట్లోనూ ఆ తెలుపు అదే చోట అలాగే ఉంటే ఇక దాంతో కుస్తీ పట్టకండి, మాకు తిరిగి పంపేయండి, పంపే ఖర్చు కూడా మాదే.