మా ఉద్దానం ఎడారట!

అయ్యా,

మా తీరంలో నల్ల ఇసుక తవ్వకంపై జరిగిన సభ గురించి గత వారం మీ జిల్లా పేజీలో ‘ప్రజాభిప్రాయ సేకరణ ప్రశాంతం’ అని వేశారు. ఆ షామియానా కింద నేనూ ఉన్నాను. జనం కంటే పోలీసులే ఎక్కువుంటే ప్రశాంతంగా కాక ఎలా ఉంటుంది?

ఖనిజాలుండే ఆ నల్ల ఇసుక తవ్వకానికి రాయించిన పర్యావరణ ప్రభావ నివేదిక తెలుగు సారాంశంలో మా తీరం ‘ఎడారిని పోలిన నిరుపయోగ భూమి’ అని ఉంది. ఇసుక కనిపిస్తే ఎడారే అనుకున్నారు కాబోలు. ఒడ్డునున్న ఇసుక దిబ్బ వెనక చెలమ తీస్తే మూరెడు లోతున తియ్యటి నీళ్లు ఊరతాయి. సముద్రం కూతవేటు దూరంలోనే, అయినా ఉప్పు తగలదు. మా అమ్మ కొబ్బరి చిప్పతో తోడి బిందె నింపేది. దిబ్బ తాగి దాచిన వాననీరది. దిబ్బే పోతే ఆ చోటుకి ఉప్పునీరు ఎక్కుతుంది. ఈ ముక్క నివేదికలో వెతికినా లేదు.

తాబేళ్లు గుడ్లు పెట్టిన ఆనవాళ్లు లేవట. చూసింది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలివ్ రిడ్లీలు మా ఒడ్డెక్కేది జనవరి నుంచి. పెళ్లికి వారం ముందు వచ్చి పందిట్లో ఎవరూ లేరని రాసుకుపోయినట్టుంది. నివేదిక రాసే కన్సల్టెంటుకి డబ్బులిచ్చేది తవ్వేవాళ్లే కదా, ఇంకెలా రాస్తాడు లెండి.

చెట్లు కూడా ‘చెదురుమదురు’ అట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా జీడి, కొబ్బరి నేలకూలితే పరిహారం కోసం ఒక్కో చెట్టూ లెక్కపెట్టింది ఈ ప్రభుత్వ ఉద్యోగులే. ఆ రిజిస్టర్లు ఏ చెదలకి పెట్టారో! థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు కోసం సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను కూడా ఇలాగే బీడు అన్నారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని కొట్టేసింది. అంత జరిగినా కాగితాల మీద ఆ మాట మారలేదు.

పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం సభకి 30 రోజుల ముందే నోటీసిచ్చామన్నారు. ఇచ్చారు, కాదనను. పూర్తి నివేదిక చూద్దామని ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. బీరువాలో ఉందన్నారు, తాళం గుమస్తా దగ్గరుందన్నారు, గుమస్తా సెలవులో ఉన్నాడన్నారు. సభలో ఇది చెప్పబోతే ‘క్లుప్తంగా’ అంటూ మైకు తీసుకున్నారు.

మీ విలేకరి ఈసారి ఇటు వస్తే ఆ తాళం దొరికిందో లేదో కనుక్కుని రాయగలరు.

ఇట్లు,
ఓ పాఠకుడు, ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా