వేలూరు పార్సిల్ పంపే ముందు

చిత్తూరు

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ ఆశీస్సులు.

నువ్వు అమ్మే పాత నాణేలు, స్టాంపుల్లో జార్జి ఆరో చక్రవర్తి కాలం రూపాయి నాణేలు కావాలని వేలూరు నుంచి ఒకాయన అడిగారని నువ్వు చెబితే సంతోషించాను. కానీ నాన్నా, ఆ పార్సిల్ అప్పుడే పంపకు. ఫోనులో విడమరచి చెప్పడం కుదరక ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘ఏడాదికి 40 లక్షలు దాటితేనే కదమ్మా జీఎస్టీ’ అన్నావు. సరుకులు అమ్మేవాళ్లకు మన రాష్ట్రంలో ఆ పరిమితి ఉన్నమాట నిజమే. అయితే అది రాష్ట్రం లోపలి అమ్మకాలకు. పన్ను పడే సరుకు పొలిమేర దాటితే, అమ్మింది అయిదు వందల నాణెమైనా ముందుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. బేరం వెబ్‌సైటులో కుదిరినా వాట్సాప్‌లో కుదిరినా నియమం ఒకటే. శ్రీకాకుళం ఎంత దూరమైనా మన రాష్ట్రమే. చిత్తూరు పక్కనే ఉన్నా వేలూరు వేరే రాష్ట్రం. మన వైపు చిన్న వ్యాపారులకు ఇది నిజంగా కష్టమే. చేతిపనులకు మాత్రం 20 లక్షల వరకు సడలింపు ఉంది కాబట్టి మాధవమాల చెక్క బొమ్మలు అమ్మే నీ స్నేహితుడి సంగతి వేరు. అతన్ని చూసి నువ్వు ధైర్యపడకు.

రాష్ట్రంలోనే అమ్ముకుంటానంటే నీకూ ఒక వెసులుబాటు ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితి లోపు ఉన్నవాళ్లు పాన్ నంబరుతో జీఎస్టీ పోర్టల్‌లో నమోదు సంఖ్య తీసుకుని పెద్ద వెబ్‌సైట్ల ద్వారా అమ్మవచ్చు. పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొన్నాళ్లు అలా నడిపి చూడమనే నేనంటాను. ఎందుకంటే రిజిస్ట్రేషన్ తీసుకున్నాక తిరుపతిలో పక్కవీధి వాళ్లకు అమ్మినా పన్ను కట్టాలి. ఏమీ అమ్మకపోయినా రిటర్ను, అంటే అమ్మకాల లెక్క, వేయాలి, మరిచిపోతే రోజురోజుకీ రుసుము పెరుగుతుంది. కొట్టులో పద్దులు రాస్తూ నేను చూశాను, పన్ను కన్నా ఈ మరుపే మనుషులను ఎక్కువ ఏడిపిస్తుంది.

రిజిస్ట్రేషన్ తీసుకునేట్టయితే నీకు బాగా పనికొచ్చే నియమం ఒకటుంది: జీఎస్టీ నియమాల్లో 32(5). వాడిన వస్తువులు కొని, ఉన్నవి ఉన్నట్టుగా అమ్మేవాళ్లు మొత్తం ధర మీద కాకుండా, కొన్న ధర పోగా మిగిలినదాని మీదే పన్ను కట్టవచ్చు. 600కు కొన్న పాత స్టాంపుల ఆల్బమ్‌ను 1,000కి అమ్మావనుకో, పన్ను 400 మీదే. సేకరణ స్టాంపులకు 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 12 శాతం నుంచి 5కి తగ్గింది కనుక 50 రూపాయలు కట్టాల్సిన చోట 20తో సరిపోతుంది. కొన్నప్పటి పన్నును మాత్రం తిరిగి జమ చేసుకోకూడదు. నష్టానికి అమ్మితే ఆ వస్తువు మీద పన్నే లేదు. ఇదంతా కొన్న ధరకు రుజువు ఉంటేనే. ఆదివారం సంతలో ఎవరి దగ్గరో కొన్నా సరే తేదీ, పేరు, ధర రాసి సంతకం పెట్టించుకో. డబ్బు ఫోను ద్వారా పంపితే ఇంకా మంచిది.

తాతయ్య ఆల్బమ్ గురించి అడిగావు. ఇంట్లో వాడుకున్న పాత వస్తువు అమ్ముకోవడం వ్యాపారం కాదు. అమ్మడానికని కొంటే వ్యాపారమే. ఆ ఆల్బమ్‌ను సరుకులో కలపకు. అసలు అమ్మకపోతే నాకు ఇంకా సంతోషం.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది నీ దగ్గరున్న విక్టోరియా రాణి రూపాయలు. నూరేళ్లు నిండిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, విదేశాలకు పంపడం నేరం. జీఎస్టీ కట్టినంత మాత్రాన ఆ తప్పు మాసిపోదు. అమ్మకానికి పెట్టిన వాటి ఫొటోలు ఈ రోజే తొలగించు.

వేలూరు ఆయనకు ఫోను చేసి, రిజిస్ట్రేషన్ వచ్చాకే పంపగలనని మర్యాదగా చెప్పు. డబ్బు పంపేసి ఉంటే తిరిగి ఇచ్చేయి. దరఖాస్తుకు రుసుము లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. శనివారం వచ్చేటప్పుడు సరుకు కొన్నప్పటి చీటీలన్నీ తీసుకురా, ఇద్దరం కూర్చుని పద్దు మొదలుపెడదాం.

అమ్మ