ప్రచురించిన టపాలకు ఏపీఐ దారి మూయవద్దు

సంపాదకులకు,

2005 తర్వాత కొన్నేళ్లపాటు తెలుగులో బ్లాగులు విరివిగా వచ్చాయి. కథలు, ఛందస్సు చర్చలు, ఊళ్ల చరిత్రలు, వంటలు, రాజకీయ వాదోపవాదాలు ఇలా అచ్చు పత్రికల్లో చోటు దొరకని రాతలెన్నో వాటిలో ఉన్నాయి. వివిధ బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు మూతపడ్డాక ఆ టపాల ఆచూకీ చెప్పేవారు కరువయ్యారు. సొంత డొమైన్ మీద నడిచినవైతే ఏటా కట్టే రుసుము ఆగిపోగానే కనిపించకుండా పోతున్నాయి. వాటిని భద్రపరచాలని అందరూ అంటున్నారు గానీ, అందుకు అనువైన దారి చాలా సైట్లలో ముందే ఉందనీ, దాన్ని నిర్వాహకులే భయపడి మూసేస్తున్నారనీ చెప్పేవారు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

మన బ్లాగుల్లోనూ వెబ్ పత్రికల్లోనూ అనేకం, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. 2016 డిసెంబరులో విడుదలైన 4.7 వెర్షన్ నుంచి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక ఏపీఐ (సైటులోని సమాచారాన్ని మరో ప్రోగ్రాము నేరుగా అడిగి తీసుకునే దారి) అంతర్భాగంగా వస్తోంది. దాని ద్వారా అడిగితే ప్రచురితమైన ప్రతి టపా శీర్షిక, పాఠం, తేదీ, చివరిసారి సవరించిన సమయం, వర్గాలు విడివిడిగా, ఏది ఏమిటో తెలిసేలా వస్తాయి. మామూలు పేజీని కాపీ చేస్తే ప్రకటనలూ మెనూలూ పాఠంతో కలిసిపోతాయి, ఇక్కడ ఆ బాధ లేదు. ఏమీ చెప్పకపోతే ఒకసారికి 10 టపాలు, కోరితే 100 వరకు ఇస్తుంది. మొత్తం ఎన్ని టపాలున్నాయో, ఎన్ని పుటలవుతాయో జవాబు శీర్షంలోనే (హెడర్‌లో) చెబుతుంది. అంటే 850 టపాల బ్లాగు పాఠమంతా తొమ్మిది అభ్యర్థనల్లో చేతికి వస్తుంది. మామూలుగా కొత్త టపాలు ముందు వస్తాయి కాబట్టి, సేకరణ మధ్యలో ఎవరైనా కొత్తది ప్రచురిస్తే వరుస జరిగి ఒకే టపా రెండుసార్లు వస్తుంది. పాతవి ముందుగా ఇమ్మని అడిగితే ఆ చిక్కు ఉండదు.

తెలుగు టపాల విషయంలో ప్రత్యేకంగా గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ జవాబును యథాతథంగా తెరిచి చూసేవారికి తెలుగు అక్షరాల బదులు ఏటవాలు గీత, దాని పక్కన ‘యు’, ఆపై నాలుగేసి అంకెలూ అక్షరాలూ బారులు తీరి కనిపించవచ్చు. ఫాంటు పాడైందనుకుని సేకరణ వదిలేయనక్కర లేదు. అవి యూనికోడ్ సంకేతాలే, ఈ జవాబు వచ్చే రూపమైన జేసన్‌ను చదివే ఏ ప్రోగ్రామైనా వాటిని తిరిగి తెలుగులోకి మారుస్తుంది. రెండోది లింకుల సంగతి. శీర్షిక నుంచి తయారయ్యే లింకు భాగానికి వర్డ్‌ప్రెస్‌లో 200 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతపు గుర్తుతో సహా ప్రతి సంకేతమూ అందులో తొమ్మిది స్థానాలు తీసుకుంటుంది కాబట్టి, పొడవైన శీర్షిక సుమారు 22 సంకేతాల దగ్గర తెగిపోతుంది. అందుచేత సేకరించేవారు టపాను లింకుతో కాక, ఏపీఐ ఇచ్చే గుర్తింపు సంఖ్యతో నమోదు చేసుకోవడం మేలు. తేదీల్లోనూ జాగ్రత్త అవసరం: టైమ్ జోన్ మార్చకుండా అంతర్జాతీయ సమయం (యూటీసీ) మీదే వదిలేసిన బ్లాగులో, మన గడియారం ప్రకారం జనవరి 1 తెల్లవారుజామున ఐదింటికి ప్రచురించిన టపాకు డిసెంబరు 31 తేదీ పడుతుంది.

ఇంత సౌకర్యాన్ని ఎందుకు మూస్తున్నారంటే, కారణం లేకపోలేదు. 4.7.0, 4.7.1 వెర్షన్లలో ఈ ఏపీఐలోనే ఒక తీవ్రమైన లోపం ఉండేది. లాగిన్ కాని వారు సైతం టపాల పాఠాన్ని మార్చగలిగేవారు. 2017 జనవరిలో 4.7.2తో దాన్ని సరిదిద్దారు, అయినా అప్పటికి అప్‌డేట్ చేసుకోని సైట్లెన్నో పాడయ్యాయి. ఆనాటి నుంచి ఏపీఐని మొత్తంగా ఆపేసే చిన్న అదనపు ప్రోగ్రాములు, అంటే ప్లగిన్‌లు వేసుకోవడం ఒక అలవాటైంది. ఇది ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. చిత్తుప్రతులు, ప్రైవేటు టపాలు లాగిన్ లేనివారికి ఏపీఐ ఇవ్వదు. పాస్‌వర్డ్ పెట్టిన టపా పాఠాన్ని ఖాళీగా పంపుతుంది. టపాలు రాసినవారి జాబితాలో లాగిన్ పేర్లను పోలిన మాటలు బయటపడతాయన్న అభ్యంతరం మాత్రం సమంజసమే, కానీ ఆ ఒక్క జాబితాను విడిగా మూయవచ్చు. పైగా 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి టపాలు రాసే ఎడిటర్ కూడా ఈ ఏపీఐ మీదే ఆధారపడుతోంది, కాబట్టి పూర్తిగా ఆపేస్తే మొదట ఇబ్బంది పడేది ఆ సైటువారే.

టపాలు తీసుకోవడంతో పని పూర్తి కాదు. టపా పాఠంలో బొమ్మల చిరునామాలు మాత్రమే ఉంటాయి, బొమ్మలను వేరుగా దించుకోవాలి. వ్యాఖ్యలకూ వేరే దారి ఉంది, దాన్ని మరవకూడదు. తెలుగు బ్లాగుల్లో అసలు సరుకు చాలాసార్లు టపా కింద జరిగిన చర్చలోనే ఉండేదని నా అభిప్రాయం. బ్లాగ్‌స్పాట్ బ్లాగులకు గూగుల్ ఏపీఐ వేరు, దానికి గూగుల్ నుంచి తాళంచెవి (ఏపీఐ కీ) తీసుకోవాలి.

ఇక హక్కుల మాట. ఏపీఐ ఇచ్చినంత మాత్రాన పునర్ముద్రణకు అనుమతి ఇచ్చినట్టు కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆపై 60 ఏళ్లూ ఉంటుంది. కాబట్టి సేకరించేవారు రచయితకో వారసులకో రాసి అనుమతి తీసుకోవాలి, అభ్యర్థనల మధ్య వ్యవధి ఇవ్వాలి, చిన్న సర్వర్ల మీద భారం పడకుండా 5.7 వెర్షన్ నుంచి ఉన్న సదుపాయంతో ఫలానా తేదీ తర్వాత మారిన టపాలను మాత్రమే అడగాలి. అడ్డూ అదుపూ లేకుండా దించుకునేవారి వల్లే చాలామంది నిర్వాహకులు తలుపులు వేసుకుంటున్నారన్నది కాదనలేం.

వెబ్ సాహిత్య పత్రికలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, ప్రభుత్వ సాంస్కృతిక సంస్థలు తమ సైట్లలో ప్రచురిత రచనల వరకైనా ఈ దారిని తెరిచి ఉంచాలి. బ్లాగు నడిపినవారు, డొమైన్ గడువు తీరకముందే ఒక పూట కేటాయించి తమ టపాలను, వ్యాఖ్యలతో సహా, దించి పెట్టుకోవాలి. మీ పత్రిక కూడా తన వెబ్‌సైటులోని సాహిత్య పేజీల పాత వ్యాసాలకు ఇలాంటి ఏపీఐ ఏర్పాటు చేసి, దాని వాడకపు నియమాలను తెలుగులోనే ప్రకటించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం