ఆర్వో ప్లాంట్ రీడింగుల సంగతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా, గీజర్ రాడ్ చూస్తే చాలు. మన ప్లాంట్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) బాగానే ఉందని ఊరుకుంటున్నాం గానీ, మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే ఫిల్టర్) మీద పాచి, ఉప్పు పేరుకుంటే చాలాసార్లు ముందు తెలిసేది నీళ్లు లోపలికెళ్లే చోటికీ రిజెక్ట్ (వదిలేసే ఉప్పు నీళ్లు) బయటికొచ్చే చోటికీ మధ్య ప్రెజర్ తేడాలో, గంటకు వచ్చే మంచినీళ్ల లెక్కలో. రోజూ పొద్దున ఒకే టైముకి రెండు గేజులూ, ఫ్లో మీటరూ, నీళ్ల టెంపరేచరూ రాయండి. టెంపరేచర్ ఎందుకంటారా? ఒక్క డిగ్రీ చల్లబడినా ఫ్లో దాదాపు 3 శాతం పడిపోతుంది, పోయిన డిసెంబర్‌లో అది తెలియకే అనవసరంగా యాసిడ్ వాష్ చేయించాం, డబ్బులు దండగ. టెంపరేచర్ వల్ల వచ్చే ఆ తేడా లెక్కలోంచి తీసేశాక కూడా ఫ్లో 10 శాతం తగ్గినా, ప్రెజర్ తేడా కొత్తలో ఉన్నదానికంటే 15 శాతం పెరిగినా వెంటనే కడిగించాలి, ఆలస్యమైతే పొర గట్టిపడి వదలదు. రిజిస్టర్ మోటార్ రూమ్‌లో పెట్టాను, దయచేసి పెన్ను పట్టుకెళ్లకండి.